పరీక్షా సాధనం నంబరు ఒకటి

జగ్గవరం మేదరవీధిలో ఎర్రన్న దగ్గర నిచ్చెన కొనడానికి వచ్చినవాడు వెదురు పట్టి చూడడు, కణుపులు చూడడు, బేరం కూడా ఆడడు. ముందుగా ఒకటే అడుగుతాడు.

"గవరమ్మ ఎక్కిందా?"

ఎక్కిందంటే భుజానేసుకుని పోతాడు. ఎక్కలేదంటే అరుగు మీద చతికిలబడి, ఆవిడ పొయ్యి మీద కూర దించి వచ్చేదాకా చుట్ట కాల్చుకుంటూ కూర్చుంటాడు. గవరమ్మ ఎక్కని నిచ్చెన ఊరికే ఇస్తానన్నా ఆ చుట్టుపక్కల పది ఊళ్లలో పట్టుకెళ్లేవాడు లేడు.

గవరమ్మ ఎర్రన్న పెళ్లాం. నిచ్చెన తయారవగానే ముందు ఇంటి ఆడమనిషి ఎక్కాలన్నది ఆ ఇంటి పద్ధతి. ఇది ఎర్రన్న తాత పెట్టాడు. తన పెళ్లాన్ని ఎక్కించడానికి భయపడేవాడు పక్కింటావిడ మొగుణ్ణి ఎలా ఎక్కిస్తాడని ఆయన లెక్క. ఎర్రన్న తల్లి ముప్ఫై ఏళ్లు ఎక్కింది. మోకాళ్లు పట్టేశాక ఆ పని కోడలికి అప్పజెప్పింది. అప్పట్నించీ ఇరవై ఆరేళ్లుగా గవరమ్మే ఎక్కుతోంది.

ఎక్కడమంటే ఊరికే ఎక్కడం కాదు. చీర కుచ్చిళ్లు దోపుకుని మొదటి మెట్టు మీద రెండు గెంతులు గెంతుతుంది. తల ఓ పక్కకి వంచి వింటుంది. రెండో మెట్టు మీద మళ్లీ రెండు గెంతులు. అలా చివరిదాకా. లోపల పుచ్చున్న వెదురు ఒకలా మూలుగుతుందట, పచ్చి ఆరనిది ఇంకోలా నసుగుతుందట. మనకి రెండూ ఒకటే కిర్రు. ఆవిడకి మాత్రం అరికాలికి తెలిసిపోతుంది. బాగుంటే పై మెట్టుకి పసుపుబొట్టు పెట్టి దిగుతుంది. లేకపోతే "ఇది వద్దయ్యా" అంటుంది. ఎర్రన్న మారుమాట లేకుండా కత్తి తీసుకుని దాన్ని నరికి, కాకరపాదుకి రాటలు చేసేస్తాడు. ఐదింట్లో ఒకటి అలా పోయేది. ఆ వీధిలో కాకరపాదులకి ఉన్న వైభోగం మనుషులకి ఉండేది కాదు.

ఒకసారి పక్కూళ్లో సున్నాలు వేసేవాడొకడు నిచ్చెన మీంచి పడ్డాడు, అది ఎర్రన్న నిచ్చెనేనని ఎవరో కూశారు. గవరమ్మ తింటున్న కంచం వదిలేసి ఆ ఎండలో నాలుగు మైళ్లు నడిచి వెళ్లింది. విరిగిన నిచ్చెన తిరగేసి చూసింది. పసుపుబొట్టు లేదు, కట్టు కూడా తమది కాదు. "మాది కాదు నాయనా" అని, అయినా సరే వాడి కాలికి కట్టు కట్టి, వాడి పెళ్లానికి ధైర్యం చెప్పి, సాయంత్రానికి ఇల్లు చేరింది. ఆవిడకి అది పరువు సంగతి కాదు. తమ నిచ్చెన ఎక్కినవాడు దిగాలి, అంతే. ఆ ఒక్కటీ తప్పితే ఇక తను ఎందుకన్నట్టు ఉండేది.

ఇలా నడుస్తున్న కొంపలోకి నాణ్యత ప్రవేశించింది.

ఆ ఏడు మామిడి రైతుల సమాఖ్యవాళ్లు కోతలకి రెండొందల నిచ్చెనలు కావాలన్నారు. రెండొందలంటే ఎర్రన్న జన్మలో చూడని పని. కాకపోతే ఒక కొత్త నిబంధన. నాణ్యతా యాజమాన్య సర్టిఫికెట్ ఉన్నవాళ్ల దగ్గరే కొనాలట. ఆ సర్టిఫికెట్ ఇప్పించడానికి చిదంబరం అనే సలహాదారు మెడలో టై, చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని మేదరవీధికి దిగాడు.

"చిన్న వ్యాపారాలు ఎందుకు చిన్నవిగానే ఉండిపోతున్నాయో తెలుసా ఎర్రన్నగారూ?" అన్నాడు కుర్చీలో కూర్చుంటూనే.

"గారూ" అనిపించుకోవడం ఎర్రన్నకి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. అక్కడే పడిపోయాడు.

"మీకు వ్యవస్థ లేదు. వ్యవస్థ ఉంటే ఎదుగుదల దానంతటదే వస్తుంది. సరే, నిచ్చెన మంచిదో కాదో మీరు ఎలా నిర్ధారిస్తారు?"

"మా ఆడది ఎక్కుద్ది బాబూ."

చిదంబరం ల్యాప్‌టాప్ మీద టకటకా కొట్టాడు. "భార పరీక్ష. చాలా బాగుంది. భారం ఎంత?"

ఎర్రన్న గవరమ్మకేసి చూశాడు. గవరమ్మ బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ, "నాకేటి తెలుసు, ఒక బస్తా అంత ఉంటానేమో" అంది.

చిదంబరం కళ్లజోడు తీసేశాడు. "అంటే ఇరవై ఆరేళ్లుగా మీరు ఎంత బరువో తెలియని ఒక సాధనంతో సరుకుని పరీక్షిస్తున్నారు!"

"సాధనం ఏటి బాబూ, మా గవరమ్మ" అన్నాడు ఎర్రన్న.

"ప్రమాణం ప్రకారం, ఉత్పత్తిని అంగీకరించడానికో తిరస్కరించడానికో దేన్ని వాడతామో అది పరీక్షా సాధనం. దానికి గుర్తింపు సంఖ్య ఉండాలి, కాలిబ్రేషన్ ఉండాలి, అంటే కొలత సరిచూయించి ముద్ర వేయించాలి, చెడిపోకుండా భద్రపరచాలి. మనిషా, ఇనపగుండా అన్నది ప్రమాణంలో ఎక్కడా అడగలేదు" అన్నాడు చిదంబరం. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖంలో నవ్వన్నది లేదు. నవ్వుతున్నాడేమోనని గవరమ్మ రెండుసార్లు చూసింది కూడా.

అలా గవరమ్మ ఆ సాయంత్రానికి 'ప.సా. 01' అయింది. ఆ అక్షరాలున్న ప్లాస్టిక్ కార్డు నీలం తాడుతో మెడలో వేశారు.

"మంగళసూత్రం పక్కన ఇదేటయ్యా?" అంది మొగుడితో.

"రెండొందల నిచ్చెనలే గవరా" అన్నాడు ఎర్రన్న బతిమాలుతూ.

తరవాతి వారం పట్నంలో కాలిబ్రేషన్ ప్రయోగశాలకి ప్రయాణం. సాధనాలని కుదుపులు తగలకుండా చుట్టి రవాణా చెయ్యాలని నిబంధన ఉంది కాబట్టి, ఆటోలో గవరమ్మని రెండు బొంతల మధ్య కూర్చోబెట్టి తాడుతో వదులుగా కట్టారు. వీధివాళ్లు ఏదో జబ్బు చేసిందనుకుని గుమిగూడారు. "ఓలమ్మో, నిన్న బాగానే ఉందే!" అని ఎదురింటి ముసలమ్మ ఏడుపు లంకించుకుంది. "నాకేటీ కాలేదే అత్తా, నన్ను తూకానికి తీసుకెళ్తన్నారు" అని గవరమ్మ బొంతల్లోంచి అరిచింది. ఆ ముసలమ్మ ఏడుపు ఇంకాస్త పెంచింది.

ప్రయోగశాలలో గుమాస్తా దరఖాస్తు ముందేసుకున్నాడు.

"సాధనం తయారీదారు?"

"మా అమ్మా అయ్యా."

"తయారైన సంవత్సరం?"

"పెద్ద తుపానుకి ముందేడు."

"మోడలు?"

గవరమ్మ కాస్త ఆలోచించి, "మా మేనత్త పోలిక అంటారు" అంది. గుమాస్తా అదే రాశాడు.

"చివరిసారి మరమ్మత్తు ఎప్పుడు జరిగింది?"

"రెండో కానుపుకి ఆపరేషను చేసినారు."

అది కూడా రాశాడు. తూచారు. చెవిదుద్దులు, గాజులు, మెట్టెలు, వాయిలు చీరతో సహా డెబ్బై ఎనిమిది కిలోల రెండొందల గ్రాములు. నూటయాభై గ్రాములు అటూ ఇటూ పోవచ్చు, అంతకు మించి పోరాదు అని కాగితం మీద గుద్దారు. తడవకూడదని చెబుతూ ఆవిడ మోచేతి పైన కాలిబ్రేషన్ స్టిక్కరు ఒకటి అంటించారు. స్నానం సంగతి ఏమిటని గవరమ్మ అడిగింది. సాధనాన్ని పొడిబట్టతో తుడవవలెను అని నియమావళిలో ఉందన్నాడు చిదంబరం. గవరమ్మ అప్పుడు ఆడిన మాట ఇక్కడ రాయడానికి లేదు. స్టిక్కరు మాత్రం తీసి కార్డుకి అంటించారు.

ఆ రోజునుంచీ ఆ ఇంట్లో నాణ్యత పెరగడం మొదలుపెట్టింది.

పొద్దున్నే తూకం. తక్కువుంటే రెండు అరటిపళ్లు, ఎక్కువుంటే కాఫీ బందు. కార్తీక సోమవారాలు ఉపవాసం ఉంటానంటే, "సాధనాన్ని ఖాళీగా ఉంచరాదు" అని చిదంబరం లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. ఇన్నేళ్లలో మొదటిసారి గవరమ్మ కార్తీక సోమవారం పొద్దున్న ఉప్మా తింది, తింటూ శివుడికి దండం పెట్టుకుని, "నా తప్పు కాదు తండ్రీ, ఆ టై బాబు తప్పు" అని చెప్పుకుంది. పేరంటానికి వెళ్లాలంటే గేటు పాసు. అక్కడ వాయనంలో ఇచ్చిన శనగలు తినకుండా కొంగున కట్టుకుని రావాలి. పక్కింటి కోడలు అటక సామాను దించడానికి రమ్మంటే, సాధనాన్ని ఇతరులకు అరువివ్వరాదని ఎర్రన్నే గుమ్మంలో అడ్డం నిలబడ్డాడు. ఎర్రన్నకి అప్పటికే 'యాజమాన్య ప్రతినిధి' అని కార్డు వచ్చింది. అది మెడలో పడ్డ దగ్గర్నుంచి అతని నడక కూడా మారింది.

ఇదంతా గవరమ్మ భరించింది. తిట్టుకుంటూ, నవ్వుకుంటూ, చెల్లెలితో ఫోనులో చెప్పుకుని మళ్లీ నవ్వుకుంటూ భరించింది. రెండొందల నిచ్చెనలు వస్తున్నాయి, ఈ తూకాలూ తుడవడాలూ ఎన్నాళ్లుంటాయిలే అనుకుంది. అసలు దెబ్బ మాఘమాసంలో తగిలింది.

సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ నుంచి ముఖ్య పరిశీలకులు దివాకరమూర్తిగారు ఆడిట్‌కి వచ్చారు. నిండైన విగ్రహం, మెత్తటి గొంతు. పరీక్ష చేసి చూపించమన్నారు. గవరమ్మ కుచ్చిళ్లు దోపుకుని ఎక్కి మొదటి మెట్టు మీద అలవాటుగా రెండు గెంతులు గెంతింది.

"ఆపండి!" అన్నారు దివాకరమూర్తిగారు. "ఇది ఏమిటి?"

"గెంతడం బాబూ."

"గెంతినప్పుడు సాధనం చూపే బరువు మారిపోతుంది. డెబ్బై ఎనిమిది కిలోల రెండొందల గ్రాములకే కదా మీకు కాలిబ్రేషన్! గెంతరాదు. మెట్టు మీద నిశ్చలంగా ఒక్క నిముషం నిలబడవలెను. మెట్టు విరిగిందా, విఫలం. విరగలేదా, ఉత్తీర్ణం."

గవరమ్మ నిశ్చలంగా నిలబడింది. ఒక్కో మెట్టు మీద ఒక్కో నిముషం, చిదంబరం గడియారం చూస్తుండగా. నాలుగో మెట్టు దగ్గర ఆవిడ ముఖం మారింది. "ఇది వద్దు బాబూ. లోపల పుచ్చుంది. ఊరికే నిలబడితే ఆగుద్ది గానీ, బుట్టతో మనిషి ఒక పక్కకి ఒరిగితే పుటుక్కుమంటాది."

"విరిగిందా?" అన్నారు దివాకరమూర్తిగారు.

"ఇప్పుడు విరగదు."

"అయితే ఉత్తీర్ణం."

"నాను వద్దంటన్నాను కదా!"

దివాకరమూర్తిగారు చాలా ఓపికగా, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "చూడమ్మా. సాధనం ధర్మం భారం మోపడం. అభిప్రాయం చెప్పడం సాధనం ధర్మం కాదు. థర్మామీటరు జ్వరం ఎంతో చూపిస్తుంది, ఈయన్ని ఆస్పత్రిలో చేర్చండి అంటుందా? వస్తునిష్ఠమైన సాక్ష్యం లేని తిరస్కారం ఘోరమైన అననుగుణత, అంటే నిబంధనకి విరుద్ధం. ఇన్నాళ్లూ మీరు ఐదింట్లో ఒకటి మనసుకు తోచినట్టు పారేశారు. ఎంత వృథా!"

"నాను సెప్పింది ఆ కాగితంలో రాయండి. ఆ తరవాత మీ ఇష్టం."

చిదంబరం ఫారం అటూ ఇటూ తిప్పి చూశాడు. "దానికి గడి లేదమ్మా" అన్నాడు. నిజంగా లేదు. భారానికి ఒక గడి, కాలానికి ఒక గడి, ఫలితానికి ఒక గడి.

ఆ రాత్రి భోజనాల దగ్గర గవరమ్మ కంచం తోసేసింది. "ఏటయ్యా, నానెక్కేది బరువు మొయ్యడానికనుకున్నావా ఇన్నాళ్లూ? బరువే కావాలంటే సిమెంటు బస్తా ఎక్కించుకో. మనిషి పడితే నడుం ఇరుగుద్ది. ఎవుడి నడుం? నీదా, ఆ టై బాబుదా?"

ఎర్రన్నకి తెలుసు. ఆవిడ కాదన్నది ఒక్కటీ తప్పు కాలేదని అందరికన్నా అతనికే ఎక్కువ తెలుసు. కానీ గోడ మీద అప్పుడే ఫ్రేము కట్టించిన నాణ్యతా విధాన పత్రం ఉంది, మెడలో కార్డు ఉంది, సమాఖ్య ఆర్డరు ఉంది. "ఒక్క ఏడు గవరా" అన్నాడు. గవరమ్మకి ఏడుపొచ్చింది. ఇరవై ఆరేళ్లలో ఆవిడ వద్దన్న మాటకి ఇంట్లో ఎదురన్నది లేదు.

నిచ్చెనలు తయారవుతూ పోయాయి. గవరమ్మ నిశ్చలంగా నిలబడుతూ పోయింది. వద్దన్న ప్రతిసారీ చిదంబరం 'ఉత్తీర్ణం' అని స్టిక్కరు అంటించాడు. పసుపుబొట్టు అనధికార గుర్తు కనక నిషేధించారు. రెండొందలూ పూర్తయ్యేసరికి నలభై ఒకటి వద్దంది ఆవిడ. నలభై ఒకటీ మిగతావాటితో కలిసి స్టిక్కర్లతో నిగనిగలాడుతూ లారీ ఎక్కాయి. మేదరవీధిలో ఆ ఏడు కాకరపాదులు నేల మీదే పాకాయి.

సర్టిఫికెట్ సంస్థవాళ్ల పత్రికలో వ్యాసం పడింది. 'చిన్న పరిశ్రమ ఎదుగుదలలో నాణ్యతా యాజమాన్యం: ఒక విజయగాథ' అని. తిరస్కరణలు ఐదింట ఒకటి నుంచి సున్నాకి తగ్గాయనీ, నాణ్యత ఇంత తక్కువ కాలంలో ఇంతగా పెరిగిన దాఖలా దివాకరమూర్తిగారి ఇరవై ఏళ్ల అనుభవంలోనే లేదనీ రాశారు. పక్కన సాధనం ఫొటో కూడా వేశారు. అందులో గవరమ్మ మూతి ముడుచుకుని ఉంది.

వైశాఖంలో, మామిడితోటలో, కోతలకి ముందురోజు కాకుండా కోతల రోజునే సర్టిఫికెట్ ప్రదానోత్సవం పెట్టారు. షామియానా, మైకు, శాలువాలు. పరీక్షా సాధనాన్ని కూడా ప్రదర్శనకు ఉంచవలెనని ఆహ్వానపత్రికలో ఉంది కాబట్టి గవరమ్మని వేదిక పక్కన కుర్చీలో కూర్చోబెట్టి చుట్టూ రిబ్బను కట్టారు. చెట్ల కింద రెండొందల నిచ్చెనలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి వెనక కోతవాళ్లు బుట్టలు పట్టుకుని నిలబడ్డారు. ఆకాశంలో పడమట కాస్త నల్లగా కమ్ముకుంటోంది. సాయంత్రానికి గాలివాన రావచ్చని, ఈలోగా కాయ దింపకపోతే తోటంతా నేలపాలేనని సమాఖ్య అధ్యక్షుడు మైకులో ఒకసారి, మైకు బయట పదిసార్లు అన్నాడు.

దివాకరమూర్తిగారు చాలాసేపు మాట్లాడారు. ఆ తరవాత లాంఛనంగా మొదటి నిచ్చెన ఎక్కి మొదటి కాయ కొయ్యమని కోతవాళ్లలో పెద్దవాడు పకీరుని పిలిచారు. ఫొటో బాగా రావాలని స్టిక్కరు మెరుస్తున్న నిచ్చెన ఒకటి తెచ్చి చెట్టుకి ఆనించారు. దాని మీద 137 అని ఉంది.

పకీరు నిచ్చెన దగ్గరికొచ్చి, అలవాటుగా తల తిప్పి, "గవరమ్మొదినా, ఎక్కినావా?" అన్నాడు.

"ఎక్కింది, ఎక్కింది. సర్టిఫికెట్ ఉంది" అన్నాడు చిదంబరం.

"నిన్ను కాదు బాబూ అడిగింది" అన్నాడు పకీరు.

గవరమ్మకి 137 బాగా గుర్తుంది. ఏడో మెట్టు. రిబ్బను తెంపుకుని లేచింది. "ఎక్కకు పకీరూ! ఏడో మెట్టు ఆగదు."

దివాకరమూర్తిగారు మైకు చేత్తో మూసి, "సాధనం ఫలితం మీద వ్యాఖ్యానించరాదని మీకు రాతపూర్వకంగా తెలియపరిచాం. ఇది ఉత్తీర్ణమైన సరుకు. మీ దగ్గర సాక్ష్యం ఏముంది?" అన్నారు.

"సాక్ష్యం కావాలా?"

ఆవిడ మెడలో కార్డు తీసి ఆయన చేతిలో పెట్టింది. కుచ్చిళ్లు దోపుకుంది. ఎర్రన్న "గవరా, వద్దే!" అని పరిగెత్తుకొచ్చేలోపు మెట్లెక్కేసింది. రెండు నిలువు వెదుళ్లనీ రెండు చేతులా గట్టిగా పట్టుకుని, ఏడో మెట్టు మీద తన పాత పద్ధతిలో ఒక గెంతు గెంతింది. రెండో గెంతు అవసరం లేకపోయింది. మెట్టు పుటుక్కున విరిగి రెండు ముక్కలూ కిందపడ్డాయి. లోపల తెల్లటి పొడి. గవరమ్మ నిలువు వెదుళ్లు పట్టుకుని జారి నేలకొచ్చింది గానీ, కుడిపాదం మెలిక పడి కూలబడిపోయింది.

ఎర్రన్న ఆవిడ పాదం ఒళ్లో పెట్టుకుని ఏడ్చేశాడు. మెడలో కార్డు పీకి మామిడి ఆకుల్లోకి విసిరేశాడు. "నా నోరు పడిపోను, ఒక్క ఏడు అన్నానే!" అన్నాడు. గవరమ్మ నొప్పికి పళ్లు బిగించి, "మరి పకీరు పడేవాడు కాదేటి?" అంది.

ఇంతలో దివాకరమూర్తిగారు, చిదంబరం తలలు దగ్గర పెట్టి నియమావళి తిరగేశారు. తీర్పు మైకులోనే వినిపించారు. నిచ్చెన నిబంధనల ప్రకారం ఉత్తీర్ణమైనదే. నిషిద్ధమైన గెంతు వల్ల విరిగింది కనక అది సరుకు లోపం కాదు. అయితే సాధనం కింద పడి దెబ్బతిన్నది. దెబ్బతిన్న సాధనాన్ని వెంటనే వాడకం నుంచి తప్పించాలి. చిదంబరం సంచీలోంచి ఎర్ర చీటీ తీసి, 'వాడుటకు పనికిరాదు' అని రాసి, గవరమ్మ కుర్చీకి కట్టాడు. సభ చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక ఊరుకుంది.

పకీరు బుట్ట కింద పెట్టాడు. మిగతా కోతవాళ్లూ పెట్టారు. ఒక్కొక్కళ్లూ వెళ్లి ఒక్కో నిచ్చెన మోసుకొచ్చి గవరమ్మ ముందు పెట్టి కూర్చున్నారు.

పడమటి నలుపు పైకి పాకుతోంది. సమాఖ్య అధ్యక్షుడికి చెమటలు పట్టాయి. "ఏమిటయ్యా ఇది! లారీలు నిలబడి ఉన్నాయి!"

"వదిన ఎక్కితేనే ఎక్కుతాం" అన్నాడు పకీరు.

"ఆవిడ కాలు వాచింది కదయ్యా!"

గవరమ్మ అప్పుడు చెప్పింది. ఇన్ని నెలలుగా ఎవరూ అడగని మాట. "నానే ఎక్కాలని ఏటుంది బాబూ? బరువు ఎవుడైనా మోపొచ్చు. పైన ఎవరో గెంతుతుంటే కింద నాను వెదురు మీద చెయ్యేసి సెప్పగలను. కాస్త బరువైన మనిషిని ఇవ్వండి."

అధ్యక్షుడు చుట్టూ చూశాడు. కోతవాళ్లందరూ ఎండిన మనుషులు. ఎర్రన్న అయితే మరీ పేలికలా ఉంటాడు. చూసి చూసి ఆయన కళ్లు వేదిక మీద ఆగాయి.

"నేను పరిశీలకుణ్ణి" అన్నారు దివాకరమూర్తిగారు వెంటనే.

చిదంబరం పాపం అలవాటు కొద్దీ నియమావళి తీశాడు. "సార్, పదకొండో అధ్యాయం... సాధనం విఫలమైతే, అంతకు సమానమైన లేక అధికమైన సామర్థ్యం గల ప్రత్యామ్నాయాన్ని కొనుగోలుదారు ఆమోదంతో వాడవచ్చును." కాయలు తూచే కాటా అక్కడే ఉంది. అధ్యక్షుడు దివాకరమూర్తిగారిని మర్యాదగా భుజం పట్టి దాని మీద నిలబెట్టాడు. ఎనభై ఆరు కిలోల నాలుగొందలు. "ఆమోదించాను" అన్నాడు.

"ఇవన్నీ ఉత్తీర్ణమైనవే కదండీ, సంతకం తమరిదే. భయం దేనికి?" అన్నాడు పకీరు, ఎంతో వినయంగా.

రెండో నిచ్చెన తెచ్చి ఆనించారు. దివాకరమూర్తిగారు బూట్లు విప్పారు. గవరమ్మ కాయల పెట్టె మీద కూర్చుని నిలువు వెదురు మీద అరచెయ్యి ఆనించింది. ఆయన మొదటి మెట్టు ఎక్కి నిశ్చలంగా నిలబడ్డారు.

"గెంతండి బాబూ."

గెంతారు. గవరమ్మ తల పక్కకి వంచింది. "రెండోది." గెంతారు. "పైకి." అలా మూడు, నాలుగు. ఐదో మెట్టు మీద కిర్రుమంది. దివాకరమూర్తిగారి ముఖం పాలిపోయింది. రెండు చేతులా వెదురుని కావలించుకుని కిందకి చూశారు. నియమావళి పట్టుకున్న చిదంబరాన్ని చూడలేదు. గవరమ్మనే చూశారు.

"అమ్మా, ఏమంటోంది?"

"ఆగండి, విననివ్వండి."

"ఆవిడ ఏమంటే అది రాయవయ్యా!" అని అరిచారు పైనుంచి.

"గడి లేదు సార్" అన్నాడు చిదంబరం.

"గీసి చావు!"

గవరమ్మ చెయ్యి తీసింది. ఆయన మీద ఆవిడకి కోపం ఉంది, చాలా ఉంది. అక్కడే ఇంకాసేపు ఉంచితే బాగుండునని కూడా అనిపించింది. కానీ నిచ్చెన మీద మనిషి ఉన్నాడు. "దిగండి బాబూ. ఇది వద్దు. మెల్లగా, ఎడంకాలు ముందు. వెదురు వదలకండి. ఆఁ, ఇంకొకటి. ఇంకొకటి. వచ్చీసినారు."

ఆయన నేల మీద పాదం పెట్టి, చెట్టుకి ఆనుకున్నారు. ఎర్రన్న వచ్చి ఆ నిచ్చెనని పక్కకి లాగి, అక్కడికక్కడే నరికాడు.

పకీరు ఇంకోటి తెచ్చి ఆనించాడు. దివాకరమూర్తిగారు చొక్కా చేతులు పైకి మడుచుకుని మళ్లీ ఎక్కారు. ఇంకా నూట తొంభై ఏడు మిగిలాయి.